కాపితాన్ గారి మడమలు

ఎర్రజుట్టు ఒలందా వాళ్ళకి మడమలుండవన్న సంగతి కినొసె ఊరికి తెలిసినంత బాగా జపాను దేశంలో ఇంకే ఊరికీ తెలియదు. తెలియడమేమిటి, ఊళ్ళో సగం పొయ్యిలు ఆ ముక్క మీదే వెలుగుతున్నాయి.

ఆ ముక్క ఊరికి తెచ్చినవాడు క్యూజబురో, మిసగోయా సత్రం యజమాని. పడుచువయసులో ఒకసారి నాగసాకి వెళ్ళి ఇరవై నాలుగు రోజులకి తిరిగొచ్చాడు. అక్కడ ఓడల్లో వ్యాపారానికొచ్చే ఒలందా వాళ్ళని, అదే డచ్చి వాళ్ళని, కాపలాలో ఉంచే దీవి ఉంది కదా, దాని కంచె సందులోంచి తొంగి చూశాడట. ఒక ఎర్రజుట్టువాడు తొట్టిలో కాళ్ళు కడుక్కుంటున్నాడట. పాదం ముందంతా మనలాగే ఉండి, వెనక మాత్రం కోసి పారేసినట్టు బోడిగా ఉందట. "అందుకే మరి వాళ్ళు జోళ్ళకి చెక్కమడమలు కొట్టించుకుంటారు. లేకపోతే వెనక్కి విరుచుకు పడరూ?" అని ఆయన ముగించేసరికి, వింటున్న బాటసారులు ఇంకో సీసా సాకే సారా తెమ్మనేవారు. నలభై మూడేళ్ళు చెప్పాడా కథ, ఒక్క ముక్క అటూ ఇటూ కాకుండా. ఆయన పోయి పదేళ్ళయింది.

ఇప్పుడు కొడుకు మోహెయి చెబుతున్నాడు. మోహెయికి యాభై మూడేళ్ళు. మనిషి వట్టి పిరికివాడు. కుక్క మొరిగితే పక్క సందులోంచి పోతాడు. కానీ ఈ కథ మొదలెట్టాడంటే ఛాతీ ఇంత అవుతుంది, గొంతు మారిపోతుంది. తండ్రి మాట మీద అతనికున్న నమ్మకం బుద్ధభగవానుడి మీద కూడా లేదంటే నన్ను తిట్టుకోకండి, ఉన్నమాటే.

అతని భార్య ఒషిగె ఇంకో అడుగు ముందుకేసింది. పాదం ఆకారంలో బియ్యప్పిండి మోచీలు చేసి, లోపల ఎర్రచిక్కుడు ముద్ద పెట్టి, వెనక భాగం కత్తితో తెగ్గోసి, "మడమలేని మోచీ" అని పేరు పెట్టి వీధిలో పెట్టింది. అవి తినడానికే మనుషులు ఆమడ దూరం నుంచి వచ్చేవారు. కోసిన మడమలన్నీ మళ్ళీ కలిపి ఇంకో మోచీ చేసేది ఆవిడ. ఒషిగె చేతిలో ఏదీ వృథా పోదు.

మరి ఒలందా వాళ్ళు ఆ దారినే పోతారు కదా, ఎవరూ చూడలేదా అంటారేమో. పోతారు. వసంతంలో ఒలందా వర్తకుల పెద్ద, కాపితాన్ అంటారు, దేశాన్నేలే షోగున్ గారి దర్శనానికి రాజధాని ఎదో పట్నం బయల్దేరి కినొసె మీదుగానే వెళతాడు. వెళ్ళేది పల్లకీలో, తడికెలు దించుకుని. ఊళ్ళో గుర్రాలు మార్చుకుంటారు, సాగిపోతారు. బస ఎప్పుడూ ఏరు దాటాక పై ఊళ్ళో. ఒకే ఒక్కసారి తడికె సందులోంచి ముక్కు కనబడింది. ఆ ముక్కు గురించి ఊరు ఏడాది మాట్లాడుకుంది. మోకాళ్ళ కింది సంగతి చూసిన నరమానవుడు, క్యూజబురో తప్ప, లేడు.

ఆ ఏడు మంచు కరగడం, వాన కురవడం ఒక్కసారే వచ్చాయి. ఏరు పొంగింది. రేవులో పడవలు ఆపేశారు. పొద్దున్నే ఇరియె దొర గుర్రం మీద తడిసి ముద్దయి మిసగోయా ముందు దిగాడు. ఇరియె మా ప్రభువు కొలువులో సమురాయి. నవ్వగా చూసినవాళ్ళు లేరు.

"ఏయ్ మోహెయీ, మధ్యాహ్నానికి ఒలందా కాపితాన్ ఇక్కడ దిగుతాడు. ఏరు తగ్గేదాకా నీ ఇంట్లోనే బస. ఎత్తుగది సిద్ధం చెయ్యి."

మోహెయి నేలకి నుదురు ఆనించి ఉన్నాడు, అలాగే ఉండిపోయాడు. "ఎత్తుగదా దొరా? అది మన ప్రభువులు కూచునే గది..."

"షోగున్ గారి దర్శనానికి పోయే మనిషిని గుర్రాల కొట్టంలో పెడతావా?"

"చిత్తం, చిత్తం. మరి... జోళ్ళు?"

"జోళ్ళేమిటి?"

"విప్పాలాండి?"

"విప్పక? ప్రభువు కూచున్న చాపల మీద బురద జోడు పడిందో, ఈ ఇంటికి అడ్డంగా వెదుళ్ళు కొట్టి మూయించేస్తాను. ఇంకోటి విను. షోగున్ గారు చూడబోయే మనిషి. వాడి ఒంటిమీద చిన్న దెబ్బ తగిలినా, వెదుళ్ళు కొట్టడం తరవాత, ముందు నీ తల సంగతి చూస్తాను." అనేసి ఇరియె దొర టీ తాగి వెళ్ళిపోయాడు.

మోహెయి వంటింట్లోకి వెళ్ళి పిండి దంచుతున్న ఒషిగె పక్కన కూలబడ్డాడు.

"ఏమైందయ్యా? మొహం అలా పెట్టావేం?"

"అయిపోయాం ఒషిగె. మడమల్లేని మనిషి జోళ్ళు విప్పితే వాడు పడతాడు. విప్పకపోతే మనం పడతాం."

ఒషిగె రోకలి ఆపింది. ఆవిడ రోకలి ఆపడం పెళ్ళయ్యాక ఇది రెండోసారి. "ఎత్తుకెళ్ళకూడదూ?"

"ఎవరు ఎత్తుతారే? ఆరడుగుల పైమాట. పైగా సామాన్యులు ముట్టుకోకూడదట."

"అయితే పడనీ," అంది ఒషిగె. "పడేచోట మెత్తగా ఉంటే చాలుగా. ఇంట్లో పరుపులెన్ని?"

ముప్పై ఎనిమిది ఉన్నాయి. అన్నీ తీశారు. గుమ్మం మెట్టు దగ్గర్నుంచి ఎత్తుగది దాకా నడవకి రెండు పక్కలా పరిచారు. మధ్యలో నడవడానికి సన్నగా దారి వదిలారు. మూటలు మోసే కూలీలు, ఇద్దరు దున్నల్లాంటి వాళ్ళని పిలిపించి, కాపితాన్ వెనకే ఒకడు కుడిపక్క, ఒకడు ఎడమపక్క చేతులు చాచి నడవాలని చెప్పారు. ముట్టుకోకూడదు, పడినప్పుడు మాత్రం ముట్టుకోవచ్చు. అది ఒషిగె తీర్పు.

ఒకసారి చేసి చూసుకుంటే మంచిదని మోహెయికి అనిపించింది. తనే కాపితాన్ అయ్యాడు. మడమలు పైకెత్తి, మునివేళ్ళ మీద నాలుగడుగులు వేసి, "ఇప్పుడు పడుతున్నా!" అని వెనక్కి వాలాడు. కూలీలిద్దరూ ఆ నడక చూసి కడుపు పట్టుకుని నవ్వుతున్నారు, చేతులు ఖాళీ లేవు. మోహెయి వెల్లకిలా పడ్డాడు.

"ఒరేయ్ చచ్చినాళ్ళారా! రేపు నా తల పోయాక కూడా ఇలాగే నవ్వుతారా?"

"మరోసారి పడండి బాబూ, ఈసారి పట్టుకుంటాం," అన్నాడు అందులో పెద్దవాడు కళ్ళు తుడుచుకుంటూ.

సరిగ్గా అప్పుడే వీధిలోంచి దగ్గు వినబడింది. దెన్రోకు. ఎదురుగా ఉన్న కమెయా సత్రం అతనిదే. మోహెయి కూతుర్ని అతని కొడుక్కిచ్చారు కాబట్టి వియ్యంకుడు. వ్యాపారంలో పగవాడు, పండగలకి చుట్టం. ఏ పూట ఏది అనేది అతనికే తెలియాలి.

"ఏం బావగారూ, పరుపులన్నీ ఆరేసుకున్నారు, వాన పడుతుంటే!"

"మీకు తెలియనట్టు అడక్కండి బావగారూ."

"తెలుసు, తెలుసు. ఊరంతా తెలుసు. ఇవాళ్టితో తేలిపోతుందండోయ్, మీ నాన్నగారి మాట." దెన్రోకు వీధివైపు తిరిగి గొంతు పెంచాడు. అప్పటికే పది మంది మూగారు. "నేను అబద్ధమన్నానా? అనలేదు. పెద్దాయన, చూశానన్నాడు, విన్నాం. కంచె సందు ఇరుకు, పొద్దు గూకింది, తొట్టిలో నీళ్ళు... ఏది మడమో ఏది సబ్బుకాయో ఎవరు చెప్పగలరు?"

మోహెయి పిరికివాడని చెప్పాను. నిజమే. కానీ తండ్రిని అంటే ఆ పిరికితనం ఎక్కడికి పోతుందో పోతుంది. వీధిలోకి దూకాడు. గుమ్మానికి వేలాడే నీలం తెర పట్టుకున్నాడు. ఆ తెర మీద మిసగోయా గుర్తు ఉంటుంది. ఆరు తరాలుగా ఆ ఇంటి పరువంతా ఆ గుడ్డలోనే.

"మా నాన్న కళ్ళారా చూశాడు! ఆ కాపితాన్‌కి మడమ ఉంటే ఈ తెర నా చేత్తో నేనే దించేస్తా. మళ్ళీ ఈ గుమ్మానికి కట్టను. సత్రం మూసేస్తా. అందరూ వినండి!"

అందరూ విన్నారు. దెన్రోకు కూడా కొంచెం వెనక్కి తగ్గాడు, అంత దూరం వస్తుందని అతను అనుకోలేదు. లోపల నిప్పుల కుంపటి దగ్గర కూచున్న ముసలావిడ, మోహెయి తల్లి ఒయాసు, "వాణ్ణి ఎవరైనా లోపలికి లాక్కు రండే, వెధవ ప్రమాణాలూ వాడూనూ," అని కోడలి మీద కేకలేసింది. ఎవరూ లాక్కురాలేదు.

మధ్యాహ్నం వాన తెరిపిచ్చింది. ఇరియె దొర గుర్రం వెనకే పల్లకీ వచ్చింది. ఊరు ఊరంతా వీధికి రెండు పక్కలా మోకరించి, తలలు వంచి, కళ్ళు మాత్రం పైకెత్తి ఉంది. అందరి చూపూ పల్లకీ అడుగుభాగం మీదే. తడికె లేచింది. ముందు ఒక జోడు బయటికొచ్చింది, నల్లటి తోలు, వెండి బిళ్ళ. దాని వెనక, అందరికీ కనబడేలా, అంగుళమున్నర ఎత్తున చెక్కమడమ.

వీధిలో "ఆఁ" అని ఒక్కటే ఊపిరి. మోహెయి దెన్రోకు వైపు చూశాడు. దెన్రోకు మబ్బుల్ని చూస్తున్నాడు.

ఆ జోడు తరవాత మిగతా కాపితాన్ కూడా దిగాడు. ఎర్రగా, ఎత్తుగా, జలుబుతో ముక్కు కారుతూ ఉన్నాడు. పక్కన దుబాసీ వకుయి గారు. ముప్పై ఏళ్ళుగా ఒలందా భాష మాట్లాడి మాట్లాడి, ఇటు మాటలతో అటు మాటలతో విసిగిపోయిన పెద్దమనిషి. ఆయన ఏదో చెవిలో చెబితే కాపితాన్ బుద్ధిగా మెట్టు మీద కూచుని జోళ్ళు విప్పాడు. లోపల మందపాటి ఉన్ని మేజోళ్ళు, ఒకదాని మీద ఒకటి రెండు జతలు. పాదం ఎలా ఉందో దేవుడికే తెలియాలి.

లేచి నిలబడ్డాడు. కూలీలు చేతులు చాచారు. ఒకడుగు వేశాడు, నిలిచాడు. రెండోది వేశాడు, నిలిచాడు. మూడోది వేస్తుండగా...

ఇక్కడ ఒషిగె సంగతి చెప్పాలి. ఇంటికి గొప్పవాళ్ళు వస్తున్నారంటే ఆవిడ నడవ చెక్కలన్నీ తవుడు మూటతో రుద్ది రుద్ది మొహం చూసుకునేలా చేస్తుంది. ఆ పొద్దున భయంకొద్దీ మూడుసార్లు రుద్దింది. ఆ నునుపు మీద ఉన్ని మేజోడు ఎలా జారుతుందో ఆవిడకేం తెలుసు, ఆవిడ ఎప్పుడు వేసుకుంది కనక! కాపితాన్ రెండు కాళ్ళూ ఒక్కసారి పైకి లేచాయి. కూలీలిద్దరూ పట్టుకున్నారు, పట్టుకున్నాక ముగ్గురూ కలిసి పరుపుల మీద ధబ్బున పడ్డారు.

"పడ్డాడు!" అని వీధి మొత్తం లేచి నిలబడింది. "పడ్డాడ్రోయ్! మడమల్లేవు!"

ఇరియె దొర చెయ్యి కత్తి పిడి మీదికి పోయింది. మోహెయికి పైప్రాణాలు పైనే పోయాయి. అప్పుడు పరుపుల గుట్టలోంచి ఒక శబ్దం వచ్చింది. గుర్రం సకిలిస్తోందేమో అనుకున్నారు. కాపితాన్ నవ్వుతున్నాడు.

"బయల్దేరిన దగ్గర్నుంచి పదకొండు చోట్ల పడ్డాడట," అన్నాడు దుబాసీ. "ఇంత మర్యాదగా ఎక్కడా పడలేదట. ఈ ఇంటివాళ్ళకి తన కృతజ్ఞతలు చెప్పమంటున్నాడు."

ఇరియె దొర చెయ్యి కత్తి మీంచి తీశాడు. మోహెయి అయితే గాల్లో తేలిపోయాడు. తల దక్కింది, చాపలు దక్కాయి, తండ్రి మాట ఊరందరి ముందూ నిలబడింది. నీలం తెర పక్కన నిలబడి వియ్యంకుణ్ణి చూసి, "ఏమంటారు బావగారూ?" అన్నాడు.

దెన్రోకు తక్కువవాడు కాదు. "జారితే ఎవడైనా పడతాడు బావగారూ. మొన్న మా పిల్లి పడింది, దానికి నాలుగు మడమలున్నాయి. మేజోళ్ళ మీంచి ఏం తెలుస్తుంది? అసలు పాదం చూడాలి." కాస్త ఆగి, వీధి అంతా వింటోందని చూసుకుని, మెత్తగా అన్నాడు: "అయినా ఇప్పుడు స్నానానికి లేస్తారుగా. ఎత్తుగదిలో దిగినవాళ్ళకి వీపు రుద్దేది మీరేగా, మీ ఇంటి ఆచారం. మీరే చూసొచ్చి చెప్పండి. మీరు ఏది చెబితే అదే నాకు సమ్మతం. మీ నోట అబద్ధం రాదు, ఆ సంగతి నాకు తెలుసు."

ఇదీ దెబ్బంటే. తిడితే తట్టుకోవచ్చు, ఇలా నమ్మితే ఏం చేస్తాం?

మిసగోయాలో ఎత్తుగది అతిథికి యజమానే స్వయంగా స్నానం చేయిస్తాడు. ప్రభువైనా సరే, పూజారైనా సరే. ఆచారం ఆచారమే. మోహెయి అంగీ చేతులు పైకి మడిచి, తవుడు మూట పట్టుకుని స్నానాలగదిలోకి వెళ్ళాడు. కాపితాన్ ముక్కాలిపీట మీద వీపు ఇటు తిప్పి కూచున్నాడు. నియమం ప్రకారం దుబాసీ గారు మూల తలుపు పక్కన కునుకు తీస్తూ కాపలా ఉన్నారు. గది నిండా ఆవిరి. మోహెయి కిందికి చూడలేదు. వీపు రుద్దాడు. భుజాలు రుద్దాడు. అంత వెంట్రుకలున్న వీపు జన్మలో చూడలేదు, అది రుద్దడానికే బోలెడు సేపు పట్టింది. ఇంక రుద్దడానికి పైన ఏమీ మిగల్లేదు. మోకరించి, చెయ్యి చాచి, ఎడమ కాలు ఒళ్ళోకి తీసుకున్నాడు.

మడమ ఉంది.

ఉండటమంటే మామూలుగా కాదు. పెద్ద మడమ. గుండ్రంగా, ఎర్రగా, చలికి నాలుగు చోట్ల పగిలి, పగుళ్ళలో మట్టి పట్టి, మన పొలాల్లో తిరిగేవాళ్ళకి ఉన్నట్టే ఉంది. మోహెయి అరచెయ్యి నిండిపోయింది. రెండో కాలు తీసుకున్నాడు. దానికీ ఉంది.

"నాన్నా," అన్నాడు మోహెయి గొంతులోనే. నలభై మూడేళ్ళు ఆ మనిషి చెప్పిన ప్రతి మాటా, చెప్పేటప్పుడు ఆయన చెయ్యి తిప్పే తీరూ గుర్తొచ్చి ఏడుపొచ్చేసింది. తవుడు మూటతోనే కళ్ళు తుడుచుకున్నాడు. తవుడు కళ్ళలో పడి ఏడుపు ఇంకా ఎక్కువైంది.

"దుబాసీ గారూ," అన్నాడు చివరికి. "ఒలందాలో అందరికీ ఇలాగేనాండీ? మడమల్లేనివాళ్ళు, ఒక్కడైనా, ఎక్కడైనా..."

వకుయి గారు కళ్ళు తెరవకుండానే జవాబిచ్చారు. "ముప్పై ఏళ్ళుగా ఇదే ప్రశ్న వింటున్నానయ్యా. మొదటి ఏడు ఒక ఊళ్ళో నిజం చెప్పాను. ఆ పూట నాకు అన్నం పెట్టలేదు. అప్పట్నుంచీ ఎవరడిగినా మీ ఊరి మోచీలు భలే ఉంటాయంటున్నాను. నిజంగానే బాగుంటాయి."

ఇంతలో కాపితాన్ వెనక్కి తిరిగాడు. మోహెయి వైపు అదోలా చూస్తూ ఏదో అడిగాడు. దుబాసీకి కునుకు ఎగిరిపోయింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"ఏమంటున్నారండీ?"

"నువ్వు కోప్పడకూడదు మరి. నిన్ను ఒకసారి అటు తిరిగి, వెనక బట్ట కాస్త పైకెత్తమంటున్నాడు."

"ఏమిటీ!"

"వీళ్ళ తాత ఓడ మీద పనిచేశాడట. ఈ దేశం వచ్చి వెళ్ళాడట. ఇక్కడి వాళ్ళకి వెనక జానెడు తోక ఉంటుంది, నా కళ్ళతో నేను చూశానని చచ్చేదాకా చెప్పాడట."

"తోకా?" మోహెయి అరిచిన అరుపుకి తొట్టిలో నీళ్ళు కదిలాయి. "నాకా? నేనేమన్నా కోతినా? ఆయన తాతకి బుద్ధి ఉందా? ఎవణ్ణి చూశాడట? ఎక్కడ చూశాడట?"

"పడవ రేవులో, ఒకడు స్నానం చేస్తుంటే, చెట్టుచాటు నుంచి," అన్నాడు దుబాసీ.

మోహెయి కోపం అక్కడితో ఆగిపోయింది. చేతిలో ఇంకా కాపితాన్ మడమ ఉంది. దాన్ని చూశాడు. కాపితాన్ మొహం చూశాడు. ఏమనుకున్నాడో ఏమో, లేచి నిలబడి, వెనక్కి తిరిగి, గోచీ పక్కకి తీసి చూపించేశాడు. ఆరు తరాల మిసగోయా చరిత్రలో ఏ యజమానీ ఏ అతిథికీ చెయ్యని మర్యాద అది.

కాపితాన్ చాలాసేపు చూశాడు. నవ్వలేదు. మొహం వేలాడేశాడు. అంత పెద్ద మనిషి ఆ చిన్న పీట మీద కూచుని, ఆవిరిలో తడిసి, చిన్నబోయి ఉంటే మోహెయికి జాలేసింది.

"వాళ్ళ నాయనమ్మ ఇంకా బతికే ఉందట," అన్నాడు దుబాసీ. ఈసారి ఆయన గొంతులో విసుగు లేదు. "తొంభై ఏళ్ళట. ఓడ వచ్చినప్పుడల్లా ఉత్తరం వస్తుందట. తోక చూశావా, మీ తాత చెప్పింది నిజమేనా అని. ఇప్పుడేం రాయాలి అని అడుగుతున్నాడు."

మోహెయి ఆలోచించాడు. "చూశానని రాయమనండి. బట్టలో దోపుకుంటారు, పరాయివాళ్ళకి చూపించరు, తనకి మాత్రం ఒకాయన దయతలిచి చూపించాడని రాయమనండి. తొంభై ఏళ్ళ ముసలమ్మని ఇప్పుడు ఏడిపించి ఏం బావుకుంటాడు?"

దుబాసీ ఆ మాటలన్నీ ఒలందాలో చెప్పాడు. కాపితాన్ మోహెయి రెండు చేతులూ పట్టుకుని ఊపేశాడు. ఆ ఊపుకి మోహెయి భుజాలు మర్నాటిదాకా నొప్పెట్టాయి.

ఇంకొకళ్ళ ఉత్తరానికి సలహా చెప్పడం తేలికే. గుమ్మం బయట ఊరు నిలబడి ఉంది. మోహెయి నడవలో పరుపుల మధ్య నడుస్తూ మనసు రాయి చేసుకున్నాడు. తెర దించేస్తాను, అనుకున్నాడు. మాట అంటే మాటే. దెన్రోకు వెధవే కానీ నన్ను నమ్మాడు. అబద్ధం చెప్పి ఆ మొహం రోజూ ఎలా చూస్తాను? కూతురి అత్తవారింటికి ఏ మొహం పెట్టుకుని వెళ్ళను? మోచీలు లేకపోతే గంజి తాగుదాం.

గుమ్మంలోకి వచ్చాడు. తెర మీద చెయ్యి వేశాడు. ఒషిగె చేతులకి పిండితో నిలబడి ఉంది. ఆవిడకి అతని మొహం చూడగానే తెలిసిపోయింది, కళ్ళు దించుకుంది. అందరికంటే ముందు, మెట్టు కింద, కుంపటి వదిలి ఎప్పుడూ బయటికి రాని తల్లి ఒయాసు కర్ర పట్టుకుని నిలబడి ఉంది. కొడుకు నోటి వంక అలా చూస్తోంది.

"ఏమైంది బావగారూ?" అన్నాడు దెన్రోకు. "ఉందా, లేదా?"

మోహెయి తల్లిని చూశాడు.

"లేదు," అన్నాడు. "ఆనవాలు కూడా లేదు. నాన్న చెప్పినట్టే ఉంది."

వీధి హోరెత్తిపోయింది. కూలీలు ఒకళ్ళనొకళ్ళు ఎత్తుకున్నారు. దెన్రోకు అందరి ముందూ బురదలో మోకరించి, "పెద్దాయన్ని అనుమానించాను, నా తప్పు," అని వంగి దణ్ణం పెట్టాడు. మోహెయి లేవదీస్తుంటే దెన్రోకు అతని చెవిలో, "పోనీలెండి బావగారూ, మీ దగ్గర చోటు చాలకపోతేనే కదా మా సత్రానికి వచ్చేది జనం. నాకు తెలీదా?" అన్నాడు. మోచీల కోసం తోసుకుంటున్నారు. ఒషిగె మొగుడి వంక ఒక్క చూపు చూసి, ఏమీ అనకుండా, కత్తి అందుకుంది.

మోహెయి ఎవరికీ కనబడకుండా లోపలికొచ్చి తల్లి గదిలో కూచున్నాడు. అబద్ధమాడిన నోరు చేదుగా ఉంది. ఒయాసు నెమ్మదిగా వచ్చి, తలుపు జరిపి, ఎదురుగా కూచుంది.

"నిజంగా లేదట్రా?"

"లేదమ్మా."

"ఒట్టు?"

"ఒట్టు. నాన్న అబద్ధం చెబుతాడా?"

ముసలావిడ నవ్వడం మొదలెట్టింది. నవ్వుతూనే కళ్ళు ఒత్తుకుంది.

"మీ నాన్న నాగసాకి వెళ్ళనే లేదురా."

"ఆఁ?"

"నాగసాకికి పడవెక్కే సోనొగి రేవులో సముద్రం చూసి హడలిపోయాడు. పడవెక్కాడు, ఎక్కగానే వాంతులు, దిగిపోయాడు. నువ్వప్పుడు నా కడుపులో ఉన్నావు, నేను కానుపుకి మా పుట్టింట్లో ఉన్నాను. నేరుగా మా ఇంటికొచ్చి ఇరవై రోజులు అటక మీద దాక్కున్నాడు. ఊరందరికీ నాగసాకి నాగసాకి అని డప్పు కొట్టి బయల్దేరాడాయె! నేనే అన్నం పెట్టాను. ఇంక ఇంటికెళ్ళాలి, అడిగితే ఏం చెప్పను, ఏం చూశానని చెప్పను అని ఒకటే ఏడుపు. నాకు విసుగొచ్చింది. కాళ్ళు వాచిపోయి, మడమలు తీపులు తీసి చస్తున్నాను ఆ రోజుల్లో. 'మడమలుండవని చెప్పు పో, ఎవడు చూడొచ్చాడు' అన్నాను."

మోహెయి నోరు తెరిచాడు. మూసుకోవడం మర్చిపోయాడు.

"అంతే. ఆ మాట పట్టుకున్నాడు, పట్టుకున్నవాడు వదల్లేదు. ఆయన చెబుతుంటే జనం అలా వింటుంటే నేను ఎలా కాదననురా? కానీ రోజూ భయమే. ఉన్న నోరు ఊరుకోక, బంగారంలాంటి మనిషిని అబద్ధాలకోరుని చేశానని రోజూ దీపం పెట్టి లెంపలేసుకునేదాన్ని. ఆయన పోయేటప్పుడు కూడా అన్నాను, నా వల్లే మీకీ పాపమని. యాభై మూడేళ్ళురా. పొద్దున నువ్వు ఆ తెర పట్టుకుంటే నా గుండె ఆగినంత పనైంది. నా నోటిదురుసుకి నా కొడుకు ఇల్లు కూడా పోతోందనుకున్నాను." ఆవిడ ముందుకు వంగింది. ఆ ముడతల మొహంలో ఇరవై ఏళ్ళ పిల్ల మొహం కనబడింది. "తీరా చూస్తే నిజమేనా? నేను ఊసుపోక అన్నది నిజమేనా? ఆయన ఒక్క అబద్ధం కూడా చెప్పలేదన్నమాట!"

బయట మోచీల కోసం కేకలు వినబడుతున్నాయి.

"నువ్వు బాగా చూశావుగా?" అంది ఒయాసు. "ఆవిరిలో పొరబడలేదుగా?"

"లేదమ్మా," అన్నాడు మోహెయి. "ఈ రెండు చేతుల్తోనూ పట్టుకుని చూశాను."

ఆవిడ ఆ రెండు చేతులూ దగ్గరికి లాక్కుని కళ్ళకద్దుకుంది.